నానక్‌రాంగూడ గుంత నుంచి నియోడిమియం దాకా

హైదరాబాద్‌లో రాయికి కరువేమిటి అంటారు ఎవరైనా. గోల్కొండ కోట నిలబడింది గ్రానైట్ మీదే, బంజారాహిల్స్ ఇళ్లు లేచిందీ గ్రానైట్ మీదే. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నా పీహెచ్‌డీకి కావలసింది వయసు కాదు, అది ఎప్పుడో తేలిన సంగతి. ఈ రాయికి పుట్టిల్లు ఏదో కావాలి. భూమి లోపలి ప్రావారం (మాంటిల్) నుంచి అప్పుడే కొత్తగా వచ్చిన పదార్థమా, లేక అంతకు ముందే ఉన్న పాత భూపటలం మళ్లీ కరిగి ఇలా గడ్డకట్టిందా? కంటితో చూస్తే, మైక్రోస్కోప్ కింద పెట్టినా సరే, ఇది తేలదు.

మొదటి తలనొప్పి శాంపిలే. పైకి కనిపించే బండలన్నీ ఎండకూ వానకూ నాని ఉన్నవే. సుత్తితో కొడితే ఫెల్‌స్పార్ (గ్రానైట్‌లోని గులాబీ, తెల్ల ఖనిజం) మట్టిలా రాలుతుంది, బయొటైట్ (నల్ల అభ్రకం) తుప్పు రంగుకు తిరిగి ఉంటుంది. పుట్టిల్లు చెప్పే మూలకాల్లో రుబీడియం, స్ట్రాన్షియం ముఖ్యం; అలాంటి రాయిలో అవి ఎంత పోయాయో, ఎంత వచ్చి చేరాయో ఎవరూ చెప్పలేరు. అందుకని సెల్లార్ల కోసం తవ్వే గుంతల వెంట పడ్డాను. రియల్ ఎస్టేట్ వాళ్ల మీద భూగర్భశాస్త్రం వాళ్లకు ఎంత కోపమున్నా, బ్లాస్టింగ్ చేసి అంత లోతు నుంచి తాజా రాయిని మన చేతిలో పెట్టేదీ వాళ్లే.

నానక్‌రాంగూడలో ఒక గుంత దగ్గర సూపర్‌వైజర్ నా సుత్తినీ, మెడలోని లెన్సునూ చూసి కంగారుపడ్డాడు. "మేడం, మైనింగోళ్లా మీరు? మా కాయితాలన్నీ కరెక్టున్నయ్" అన్నాడు. చదువు కోసమని చెప్పాక నవ్వేశాడు. "ఎంత గావాల్నో తీస్కపోండ్రి. లారీలోళ్లకు మేమే ఎదురు పైసలిచ్చి పంపుతున్నం." అక్కడ దొరికిన ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది. బొటనవేలంత గులాబీ ఫెల్‌స్పార్, వెలుగులో తిప్పితే అద్దంలా తళుక్కుమంటుంది. పక్కనే నల్ల బయొటైట్, గోటితో గీకితే రేకులుగా లేస్తుంది. ఇంత పెద్ద స్ఫటికాలున్న రాయి గుప్పెడు తీసుకుంటే చాలదు, కిలోలకు కిలోలు మోయాలి. లేకపోతే పొడి చేసింది ఫెల్‌స్పార్‌నా గ్రానైట్‌నా అన్నది మనకే తెలియదు.

పొడి చేయడం ఓపిక పని, అంతకు మించి చెప్పేదేమీ లేదు. అగేట్ (గట్టి రాయి) మిల్లే వాడాలి. స్టీల్‌దైతే క్రోమియం, టంగ్‌స్టన్ కార్బైడ్‌దైతే కోబాల్ట్, టాంటలం పొడిలో కలుస్తాయి.

అసలు టెన్షన్ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో. గ్రానైట్‌లోని సిలికాను కరిగించేది అదే. గాజును కూడా తినేస్తుంది కాబట్టి టెఫ్లాన్ బీకర్లలోనే పని. ఒంటి మీద పడితే కొన్నిసార్లు వెంటనే మంట కూడా తెలియదు, లోపలికి దిగి కాల్షియాన్ని పట్టుకుంటుంది. మా సీనియర్ అక్క మొదటి రోజే తేల్చి చెప్పింది: "విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసి చూపించు. తర్వాతే సీసా ముట్టుకో." కళ్లు మూసుకునే తీశాను.

కరిగిన ద్రావణాన్ని మూలకాలను వేరు చేసే రెజిన్ కాలమ్‌ల మీద పోసి చుక్కచుక్కగా దింపాలి. రుబీడియం-87, స్ట్రాన్షియం-87 ద్రవ్యరాశి దాదాపు ఒకటే. వాటిని ముందే విడదీయకపోతే పరమాణువులను బరువును బట్టి వేరు చేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు తేడా తెలియదు. సమేరియం-144, నియోడిమియం-144తోనూ అదే గొడవ. విడదీసిన స్ట్రాన్షియాన్ని సన్నటి లోహపు తీగ మీద ఒక బొట్టుగా ఎండబెట్టి యంత్రంలో పెడతాం. ముందు ఎన్‌బీఎస్ 987 అనే ప్రమాణ పదార్థంలో స్ట్రాన్షియం-87ను స్ట్రాన్షియం-86తో భాగించిన నిష్పత్తి 0.71025 దగ్గర రావాలి. వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాం.

లెక్క మాత్రం మన ఊళ్లో అసలు-వడ్డీ లెక్కే. ఈరోజు రాయిలో కొలిచే స్ట్రాన్షియం నిష్పత్తిలో, రాయి పుట్టినప్పుడున్నది అసలు. తర్వాత రుబీడియం-87 క్షయించి స్ట్రాన్షియం-87గా చేరినది వడ్డీ. రుబీడియం-87 అర్ధజీవితకాలం దాదాపు 4,900 కోట్ల సంవత్సరాలు, వడ్డీ రేటు చాలా తక్కువన్నమాట. కానీ గులాబీ గ్రానైట్‌లో రుబీడియం ఎక్కువ, గడువు 250 కోట్ల ఏళ్లు. వడ్డీ తీసేస్తే మిగిలే అసలు ఆ కాలపు ప్రావారంలోనైతే 0.701 చుట్టుపక్కల, పాత భూపటలంలోనైతే అంతకంటే పైన ఉండాలి.

నా శాంపిళ్లలో కొన్నిటికి 0.699 కంటే కింద వచ్చింది. సౌరకుటుంబం మొదలైనప్పుడే ఆ నిష్పత్తి సుమారు 0.699. దానికంటే తక్కువతో పుట్టిన రాయి ఉండే వీలే లేదు. యంత్రం తప్పు కాదు, ప్రమాణం సరిగ్గానే వచ్చింది. సార్ ప్రింటవుట్ చూసి తాపీగా, "రాయి పుట్టాక ఎప్పుడో వేడినీళ్లు తిరిగాయమ్మా. రుబీడియం తర్వాత చేరింది, నువ్వేమో మొదటి నుంచీ ఉందనుకుని వడ్డీ కట్టావు" అన్నారు. గుంతలో ఎంత తాజాగా కనిపించినా, కోట్ల ఏళ్ల కిందటి మార్పు కంటికి దొరకదు. ఆ మాటకొస్తే పాత గ్రానైట్లలో స్ట్రాన్షియం ఒక్కదాన్నే నమ్ముకుని పుట్టుక తేల్చిన లెక్కల్ని చూస్తే నాకిప్పుడు అనుమానమే.

నియోడిమియం ఆదుకుంది. సమేరియం, నియోడిమియం రెండూ అరుదైన మృత్తిక లోహాలే, గుణాలు దాదాపు ఒకటే. నీళ్లు తిరిగినా అంత సులభంగా విడిపోవు. రాయి కరిగేటప్పుడు మాత్రం నియోడిమియం కాస్త ఎక్కువగా ద్రవంలోకి వెళ్తుంది. అందుకే భూపటలంలో సమేరియం పాలు తక్కువ, సమేరియం క్షయించే నియోడిమియం-143 వస్తుంది కాబట్టి అక్కడ దాని పెరుగుదల వెనకబడుతుంది. ఆ వెనకబాటును భూమి మొత్తం సగటుతో పోల్చి ఎప్సిలాన్ విలువగా చూపిస్తారు. సున్నాకు కింద ఉంటే పాత భూపటలం వాటా ఉన్నట్టు, బాగా పైన ఉంటే ప్రావారం నుంచి కొత్తగా వచ్చినట్టు. నావి ఒకే చోట కూర్చోలేదు. గులాబీ రంగువి ఎక్కువగా సున్నాకు కింద, బూడిద రంగువి కొన్ని దాని దగ్గరే. ఆ బూడిద బండల్లోనే నల్లటి ముద్దలు చిక్కుకుని ఉన్నాయి, లోపలి నుంచి వచ్చిన వేరే శిలాద్రవం కలిసిందనడానికి అదొక ఆనవాలు. అరుదైన మృత్తిక లోహాల గ్రాఫ్‌లో యూరోపియం దగ్గర పడిన లోయ కూడా, యూరోపియాన్ని పట్టుకునే ప్లేజియోక్లేజ్ (ఒక రకం ఫెల్‌స్పార్) అడుగునే ఉండిపోయిందనో, మధ్యలో విడిపోయిందనో చెబుతోంది. మొత్తానికి ఒక్క తల్లికి పుట్టిన రాయి కాదిది.

ఎంతెంత పాళ్లలో కలిసిందో రాయి మొత్తాన్ని పొడి చేస్తే తేలేలా లేదు. అందుకని ఇప్పుడు జిర్కాన్లు (రాయిలోని సన్నటి గట్టి ఖనిజపు గింజలు) ఏరుతున్నాను. లుటీషియం క్షయించి హాఫ్నియం అవుతుంది; వాటిలో హాఫ్నియం పుష్కలం, లుటీషియం నామమాత్రం. వడ్డీ దాదాపు ఉండదు, అసలు మొత్తం కనబడుతుంది. పైగా ఒక్కో గింజ వయసు యురేనియం-సీసం పద్ధతిలో విడిగా తీయొచ్చు. లేజర్ యంత్రం మీద స్లాట్ కోసం దరఖాస్తు పెట్టాను, ఈలోగా సూదితో గింజలు జరుపుకుంటూ కూర్చోవడమే పని.