రైలు కిటికీలోంచి కనబడే కనెక్టికట్

2023 అక్టోబరులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో స్నేహితుడి ఇంట్లో దిగి, మరునాడు న్యూయార్కు పక్కనున్న కనెక్టికట్ రాష్ట్రానికి వెళుతున్నానని చెప్పగానే, భోజనానికి కూర్చున్నవారందరి ముఖాల్లోనూ ఒకే రకమైన చిరునవ్వు కనబడింది. "మీ మేనల్లుడు కనెక్టికట్‌లోనా అన్నయ్యగారూ? అయితే బాగానే సంపాదించాడన్నమాట," అన్నారు స్నేహితుడి భార్య. అతడు ఉండేది వాటర్‌బరీలో అని చెప్పాను. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఆ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డ్‌లో ఒక బీమా కంపెనీకి రెండేళ్ళు పనిచేసివచ్చిన ఒకాయన మాత్రం ఎక్కడో బోర్డు మీద చూశానన్నాడు కానీ, ఆయనకూ సోమవారం ఉదయం హోటలు, శుక్రవారం సాయంత్రం తిరుగు ప్రయాణం తప్ప ఆ రాష్ట్రంతో వేరే పరిచయం లేదు. నిజానికి నేను మాత్రం వారికంటే ఎక్కువ తెలిసినవాడినా? నా మనసులోనూ కనెక్టికట్ అంటే పచ్చిక బయళ్ళు, తెల్లరంగు చెక్క ఇళ్ళు, తీరం వెంబడి తెరచాప పడవలు, సాయంత్రం సూటుతో రైలు దిగే దొరబాబులు.

ఈ చిత్రం ఎలా తయారయిందో న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో న్యూ హేవెన్ లైను రైలెక్కితే సగం అర్థమవుతుంది. ఆ రైలు మార్గం 1849 నుంచీ లాంగ్ ఐలాండ్ సౌండ్ తీరం వెంబడి నడుస్తోంది. న్యూయార్కులో బ్యాంకులు నడిపేవారు, ప్రకటనలు రాసేవారు, పుస్తకాలు ప్రచురించేవారు, పత్రికలకు సంపాదకులైనవారు తరాల తరబడి దీని పక్కనే గ్రెనిచ్, డారియన్, న్యూ కేనన్, వెస్ట్‌పోర్ట్‌లలో ఇళ్ళు కట్టుకున్నారు. 1991 వరకు ఆ రాష్ట్రంలో జీతం మీద ఆదాయపు పన్ను లేకపోవడం కూడా వారికి కలిసొచ్చింది. తరువాత పెద్ద కంపెనీలే నగరం విడిచి వచ్చాయి. జనరల్ ఎలక్ట్రిక్ 1974లో ఫెయిర్‌ఫీల్డ్‌కు తరలివచ్చి, 2016లో బోస్టన్‌కు వెళ్ళిపోయే వరకు అక్కడే ఉంది. అమెరికా గురించి లోకానికి కథలు చెప్పే మనుషులు ఆ బెత్తెడు తీరం మీద కాపురం ఉన్నప్పుడు, వాళ్ళ పెరడే రాష్ట్రమంతా అయి కూర్చోవడంలో వింతేమీ లేదు.

నేను మొదట గ్రెనిచ్‌లోనే దిగాను. దిగకుండా ఉండలేకపోయానని ఒప్పుకోవాలి. స్టేషను నుంచి పైకి ఎక్కే గ్రెనిచ్ అవెన్యూ దుకాణాల అద్దాలు చూసుకుంటూ వెళ్ళి, అక్కడి నుంచి టాక్సీలో ఉత్తర దిక్కుకు పోతే, ఇళ్ళు ఒక్కొక్కటిగా కనుమరుగై వాటి గోడలు మాత్రమే మిగిలాయి. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన నడుమెత్తు గోడలవి. మధ్యలో ఒక గేటు, ఒక ఉత్తరాల పెట్టె, లోపలికి వంపు తిరిగిపోయే కంకర దారి, ఆ పైన ఎర్రబారిన మేపుల్ చెట్లు. ఇల్లెక్కడుందని అడిగితే డ్రైవరు నవ్వి, ఇక్కడ ఒక్కో ఇంటికి కనీసం 4 ఎకరాలు ఉండాలని నిబంధన ఉందని చెప్పాడు. నాలుగెకరాలంటే మా ఊళ్ళో ఒక కుటుంబం పొగాకు వేసుకొని ఇద్దరు పిల్లలను చదివించుకునే భూమి.

గ్రెనిచ్ మనుషులు చెడ్డవారని నేను చెప్పబోవడం లేదు. దారి అడిగితే కుక్కను పట్టుకొని నిలబడి ఎంతో ఓపికగా చెప్పారు. కానీ ఆ ఊరికి గేటు వేసుకోవడం అలవాటు. సముద్రతీరంలోని గ్రెనిచ్ పాయింట్ పార్కులోకి ఒకప్పుడు ఊరివారికీ, వారి వెంట వచ్చే అతిథులకూ తప్ప ప్రవేశం ఉండేది కాదు. పక్క ఊరి నుంచి పరుగెడుతూ వచ్చిన ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని గేటు దగ్గర ఆపేస్తే, అతడు కోర్టుకు వెళ్ళి, 2001లో రాష్ట్ర సుప్రీంకోర్టు చేత ఆ నిబంధనను కొట్టివేయించాడు. బయటివారు ఇప్పుడు వెళ్ళవచ్చు, అయితే వేసవిలో రుసుము కట్టాలి.

మధ్యాహ్నం మళ్ళీ రైలెక్కి బ్రిడ్జ్‌పోర్ట్‌లో మారాను. 2020 జనాభా లెక్కల ప్రకారం 1,48,654 మంది ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్ ఆ రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరమని ఎడిసన్‌లో ఎవరైనా చెప్పగలరేమో నాకు అనుమానమే. ఒకప్పుడు కుట్టుమిషన్లకూ తుపాకీ తూటాలకూ పేరుపడ్డ ఆ ఊరు 1991లో దివాలా కోరుతూ కోర్టుకెక్కింది, కోర్టు ఒప్పుకోలేదు. గ్రెనిచ్, బ్రిడ్జ్‌పోర్ట్ రెండూ ఒకే ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీలోనివే.

అక్కడి నుంచి వాటర్‌బరీకి పోయేది ఒంటి పట్టాల మీద నడిచే చిన్న డీజిల్ రైలు. ఉదయం నాతో వచ్చిన సూట్లు ఇందులో ఒక్కటీ లేవు. నా పక్క సీటులో కూర్చున్నావిడ గ్రెనిచ్‌లో ఒక వృద్ధురాలిని కనిపెట్టుకొని ఉండే పని చేస్తుందట. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, బండి తప్పితే మరో గంటో రెండు గంటలో బ్రిడ్జ్‌పోర్ట్‌లో పడిగాపులు. ఆ రాతిగోడల వెనుక ఇళ్ళు ఎలా ఉంటాయో నాకు ఆవిడే చెప్పింది: ఆమె చూసుకునే ముసలావిడ ఉండేది రెండే గదుల్లో అనీ, తక్కిన గదులకు తెల్లటి దుప్పట్లు కప్పి ఉంచుతారనీ. అన్సోనియా, సేమూర్, బీకన్ ఫాల్స్, నాగటక్ దాటుతూ నాగటక్ నది వెంబడి బండి వెళుతుంటే, కిటికీలు పగిలిన ఎర్ర ఇటుకల మిల్లులు చెట్ల మధ్య నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయాయి. కొన్నింటిని ఇళ్ళుగానో గోదాములుగానో మార్చుకున్నారు, కొన్నింటిని అలాగే వదిలేశారు.

వాటర్‌బరీలో మేనల్లుడు ప్లాట్‌ఫారం మీదే ఎదురుచూస్తున్నాడు. 1909లో ఇటలీలోని సియెనా గోపురాన్ని అనుకరించి కట్టిన 240 అడుగుల గడియార స్తంభం ఆ స్టేషనుకు ఉంది కానీ, నేను వెళ్ళినప్పుడు ఆ భవనంలో ఒక దినపత్రిక కార్యాలయం నడుస్తోంది. ప్రయాణికులకు మిగిలింది పక్కనున్న వట్టి ప్లాట్‌ఫారం. "ఇక్కడెందుకు ఇల్లు తీసుకున్నావురా?" అని అడిగితే, "స్టామ్‌ఫర్డ్‌లో కార్ షెడ్డు కూడా రాదు మామయ్యా, ఈ డబ్బుకి," అన్నాడు.

ఆ ఊరు ఇత్తడి ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా వాడిన ఇత్తడిలో పెద్ద వాటా ఈ నాగటక్ లోయలోనే పోతపోశారు. ఇత్తడి కంటే శాశ్వతమైనది ఏమున్నది అనే అర్థం వచ్చే లాటిన్ మాటలను నగర ముద్ర మీద చెక్కించుకున్నారు. ఇత్తడి ఉంది కానీ, ఫ్యాక్టరీలు లేవు. అన్నింటిలోకి పెద్దదైన స్కోవిల్ కర్మాగారం ఉన్న స్థలంలో 1997లో షాపింగ్ మాల్ వచ్చింది. దాని పేరు మాత్రం బ్రాస్ మిల్ సెంటర్. ఊరి నడిబొడ్డున ఉన్న మాటటక్ మ్యూజియంలో గుండీల గది ఒకటి ఉంది. అరలు అరలుగా వేల గుండీలు, అంతర్యుద్ధంలో సైనికుల కోట్లకు కుట్టినవాటి నుంచి వేలిగోరు కంటే చిన్నవాటి దాకా ఉన్నాయి. మా అమ్మ చింతపండుతో తోమిన ఇత్తడి బిందె మెరుపే ఒక్కో గుండీ మీద కనబడి, అక్కడ అరగంట నిలబడిపోయాను. అదే ఊళ్ళో గడియారాల ఫ్యాక్టరీలో చీకట్లో వెలిగే అంకెల కోసం కుంచెను పెదవులతో సన్నగా చేసుకుంటూ రేడియం పూసిన అమ్మాయిలు కొందరు 1920లలోనూ ఆ తరువాతా ఆ విషానికే చనిపోయారు. 1955 ఆగస్టులో వరుసగా వచ్చిన రెండు తుఫానుల వరద ఈ లోయను ఊడ్చిపెట్టింది. ఈ కథలేవీ దొరబాబుల రైలు కిటికీలోంచి కనబడవు.

రాత్రి మేనల్లుడి సహోద్యోగి ఒకతను భోజనానికి వచ్చాడు. ఆఫీసు పని మీద రెండు వారాలు గచ్చిబౌలిలో ఉన్నాడట. మీ తెలుగువాళ్ళంతా అద్దాల మేడల్లోనే ఉంటారు కదా అని నాతో నిజాయితీగా అన్నాడు. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లెటూరని ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక పప్పు వడ్డించాను.

అసలు చిక్కు మన మనసులోని బొమ్మ తప్పు కావడంలో లేదు. గ్రెనిచ్ డబ్బు నిజమైనదే. రాష్ట్ర ఆదాయపు పన్నులో పెద్ద వాటా ఆ తీరం ఊళ్ళ నుంచే వస్తుంది. అయితే రాష్ట్రం ధనికమన్న మాట ఊరి దగ్గరికి వచ్చేసరికి చెల్లదు. అక్కడ 1960లోనే కౌంటీ ప్రభుత్వాలను రద్దు చేశారు. 169 ఊళ్ళు దేనికదే ఒక సంస్థానం. బడులు చాలావరకు ఆ ఊరి ఆస్తిపన్ను మీదే నడవాలి. నేను వెళ్ళిననాటికి ఆస్తి మదింపు విలువలో వెయ్యి డాలర్లకు గ్రెనిచ్‌లో పన్ను 12 డాలర్ల దరిదాపుల్లో ఉంటే, హార్ట్‌ఫర్డ్‌లో 68.95 డాలర్లు. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, కళాశాలలు కలిపి రాజధానిలో సగానికి పైగా ఆస్తులకు పన్నే లేకపోవడంతో మిగిలినవారి మీద బరువు పడుతుంది. ఊళ్ళ మధ్య ఉన్న ఈ గోడల వల్ల పిల్లల చదువులు రంగును బట్టి, ఊరును బట్టి వేరైపోయాయని 1989లో హార్ట్‌ఫర్డ్ తల్లిదండ్రులు వేసిన షెఫ్ కేసులో 1996లో కోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. గోడలు ఇంకా అలాగే ఉన్నాయి.

మరునాడు హార్ట్‌ఫర్డ్ దాటి విండ్సర్ వైపు వెళుతుండగా పొలాల మధ్య పొడవాటి చెక్క షెడ్లు కనబడి కారు ఆపించాను. పొగాకు వాసన నాకు ఒకరు చెప్పనక్కరలేదు. కనెక్టికట్ నది ఒడ్డున శతాబ్దాలుగా చుట్టల పై ఆకు పండిస్తున్నారు; 1900 ప్రాంతంలో సుమత్రా ఆకుతో పోటీపడటానికి పొలాల మీద పల్చటి గుడ్డ పందిళ్ళు కట్టి నీడలో పెంచడం మొదలుపెట్టారు. మార్టిన్ లూథర్ కింగ్ 1944 వేసవిలో, పదిహేనేళ్ళ వయసులో, పక్కనే ఉన్న సిమ్స్‌బరీ పొగాకు పొలాల్లో పనిచేశారు. మా ఊళ్ళో పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో రాత్రంతా మేలుకొని పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ థర్మామీటరు చూసుకోవాలి. ఇక్కడ పొయ్యి లేదు. గోడలో కొన్ని పలకలకు మడత బందులు వేసి, వాటిని తలుపుల్లా తెరిచి గాలికే ఆరబెడతారు. షెడ్డు యజమాని లోపలికి రానిచ్చాడు. మొక్కలు కాండంతో సహా కర్రలకు గుచ్చి తలకిందులుగా, కప్పు దాకా అంతస్తులుగా వేలాడుతున్నాయి. ఒక ఆకును బొటనవేలుతో రుద్ది చూశాను. ముదురు గోధుమరంగులో, తోలులాగా మెత్తగా వంగింది. మా దగ్గర దీన్ని వేలం కేంద్రానికి బేళ్ళు కట్టి తీసుకువెళతామని మేనల్లుడి సాయంతో చెప్పాను. ధర ఎవరు నిర్ణయిస్తారని అడిగాడు ఆయన. కొనేవాళ్ళే అన్నాను. ఆయన తల పంకించి ఇక్కడా అంతేనన్నాడు.

ఎడిసన్‌కు తిరిగి వచ్చిన రాత్రి స్నేహితుడి భార్య ఫోటోలు చూపించమన్నారు. ఫోను తెరిచి చూసుకుంటే గ్రెనిచ్‌లో తీసినవి నలభైకి పైగా ఉన్నాయి: గోడలు, గేట్లు, మేపుల్ చెట్లు. వాటర్‌బరీవి ఆరు, అందులో నాలుగు ఆ గడియార స్తంభానివే. రైల్లో నాతో మాట్లాడినావిడ ముఖం ఎందులోనూ లేదు. షెడ్డు ఫోటో దగ్గర స్నేహితుడి భార్య ఒక్క క్షణం ఆగి, "ఇది కూడా కనెక్టికట్‌లోనేనా అన్నయ్యగారూ, పెన్సిల్వేనియాలో ఎక్కడైనా ఆగారా?" అని అడిగి, జవాబు వినేలోపే వేలితో వెనక్కి జరిపి ఆ రాతిగోడ దగ్గర ఆగారు.