చలిపందిరి అవ్వ పేరు దొరికేదాకా

వంశవృక్షం పని తద్దినాలు పెట్టించే పురోహితుడి నోటుపుస్తకంతో మొదలుపెట్టాను. తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా అక్కడుంటాయి. ఇంట్లో ఎవరైనా పుష్కరాలకు తర్పణాలు వదిలి ఉంటే తల్లి వైపు మూడు తరాలూ దొరుకుతాయి. పిచ్చుకుంట్లవారు చెప్పే వంశాలు గోత్రానికీ, ఇంటిపేరు పుట్టిన ఊరికీ పనికొస్తాయి గాని, పేర్ల వరస మాత్రం కాగితంతో సరిచూడాలి. మనవడికి తాత పేరు పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇద్దరిని ఒక్కరనుకుంటే రెండు తరాలు మాయమైనట్టే. దత్తత జరిగితే చిక్కు ఇంకా ఎక్కువ.

నేను వెతికింది మా తాత ముత్తవ్వ కోసం. ఊరి బయట బాట పక్కన చలిపందిరి పెట్టి ఎండాకాలమంతా దారిన పోయేవాళ్లకు మజ్జిగ పోసేదని ఊరంతా చెప్పుకునే మనిషి. అందరికీ ‘చలిపందిరి అవ్వ’. అసలు పేరు ఎవరికీ తెలీదు. పోయింది ధాత కరువులో, మాఘ బహుళంలో అని మాత్రం ఇంట్లో చెప్పేవారు.

ధాత నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1816, 1876, 1936. కరువు మాట ఉంది కాబట్టి 1876 అని తేలింది. అయినా 1876 అని రాస్తే తప్పే. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది, కనుక ఆమె పోయింది 1877 మొదట్లో. పాత రెవెన్యూ కాగితాల్లో ఉండే ఫసలీ (జులై నుంచి జూన్ దాకా నడిచే శిస్తు సంవత్సరం) లెక్కైతే 590 కలపాలి. ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ దాకా.

అవ్వ చలిపందిరికి మాన్యం ఉండేది, అందుకని తర్వాత ఇనాం ఫెయిర్ రిజిస్టర్ వెతికాను. 1858లో మొదలైన ఇనాం కమిషన్, ఇనాములకు, అంటే శిస్తు మినహాయించో తగ్గించో ఇచ్చిన మాన్యాలన్నిటికీ రాయించిన పుస్తకం ఇది. ఇనాం దేనికిచ్చారు, విస్తీర్ణం, మొదట పొందినవారు, అనుభవంలో ఉన్నవారి పేరు, వయసు, వారికీ మొదటివారికీ ఏం చుట్టరికం, అన్నీ గళ్లల్లో ఉంటాయి. వంశం వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి కాగితం లేదు. ఆర్.ఎస్.ఆర్.లో (భూమి శిస్తు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో) పట్టాదారు పేరు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

ఆ రిజిస్టరు నకలుకు దరఖాస్తు పెడితే మొదటిసారి నాకు ‘రికార్డు లేదు’ అన్న జవాబే వచ్చింది. తప్పు నాదే, దరఖాస్తులో ఇప్పటి జిల్లా పేరు రాశాను. మాది పాత ఒంగోలు తాలూకా. 1904 దాకా అది నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 1860ల కాగితం నెల్లూరు జిల్లా కిందే అడగాలి. పాత తాలూకా, పాత జిల్లా, ఊరు, ‘చలిపందిరి ధర్మాదాయ ఇనాం’ అని రాసి మళ్లీ పెడితే నకలు వచ్చింది. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది. గుమాస్తాకు వినపడ్డట్టు పేర్లు రాసుకున్నాడు, ఇంటిపేరు ఎగిరిపోయింది. పైకి చదివి చూస్తే గాని మన పేరని తెలీదు. అనుభవదారు గడిలో ఉన్నది అవ్వ కాదు, ఆమె భర్త.

ఆడవాళ్ల పేర్లు సొంత కాగితాల్లో కన్నా పక్కవాళ్ల కాగితాల్లో దొరుకుతాయి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా ఇచ్చే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు తిప్పించాలి. ఒకటో ఇండెక్సు పేర్ల వారీ, రెండోది ఆస్తి వారీ. నేను రెండోదే అడిగి, మాన్యానికి నాలుగు వైపులా ఉన్న సర్వే నంబర్ల దస్తావేజులు తీయించాను. 1890ల నాటి ఒక క్రయచీటీలో హద్దుల దగ్గర ఇలా ఉంది: ‘ఉత్తరం: రామక్క చలిపందిరి మాన్యం’. గొలుసుకట్టు రాత, మాటకూ మాటకూ ఎడం లేదు. ‘రామక్క’ను మొదట ‘రావక్క’ అని చదివాను. అదే పేజీలో అనుమానం లేని మాటల్లోని ‘మ’లు నాలుగైదు పక్కన పెట్టి చూసుకుంటే గాని తేలలేదు.

వృక్షంలో ఆమె పుట్టింటిపేరు గడి ఇంకా ఖాళీనే. పసుపు కుంకుమ కింద పొలమిస్తే ఆ దానపత్రంలో పుట్టింటివారి పేరు ఉంటుంది గాని, ఇప్పటి తరహా రిజిస్ట్రేషను 1864 చట్టంతో వచ్చింది. ఆమె పెళ్లి అంతకు చాలా ముందే అయిపోయింది.