సూది పడ్డ తొమ్మిదో రోజు

"సూదిలోనే రోగం ఎక్కించేశారు, చూశావా!" జ్వరంతో మూలుగుతుంటే మా బావ ఫోన్లో అన్న మాట ఇది. కరోనా తగ్గింది గానీ ఈ మాట మీద కోపం ఇంకా తగ్గలేదు.

కోవిడ్ టీకా మొదటి డోసు పడ్డ తొమ్మిదో రోజు జ్వరం, పదకొండో రోజు పాజిటివ్. నేను వేసుకున్నది ఎంఆర్ఎన్ఏ టీకా. అందులో వైరస్ ఉండదు, చచ్చింది కూడా ఉండదు. వైరస్ మీది స్పైక్ ప్రొటీన్ తయారుచేయమని కణాలకు చెప్పే చీటీ, దానికి చుట్టిన కొవ్వు పొర, కాసిని లవణాలు, పంచదార. దాంతో కోవిడ్ ఎలా వస్తుంది? టీకా జ్వరమైతే ఒకటి రెండు రోజుల్లో వచ్చిపోతుంది. దగ్గు తేదు, వాసన పోగొట్టదు. వైరస్ సోకాక బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. అంటే సూదికి అటో ఇటో ఎక్కడో అంటించుకున్నాను. సూది పడగానే మాస్కు గడ్డం కిందికి జారింది మరి.

2020లో ఫైజర్ ఎంఆర్ఎన్ఏ టీకా ట్రయల్లో జబ్బుపడిన 170 మందిలో 162 మంది మందు లేని ఉత్తుత్తి సూది వాళ్లు, 8 మందే టీకా వాళ్లు. అందరూ చెప్పే లెక్క అదే. కానీ అది రెండో డోసు పడ్డ వారం తర్వాతి లెక్క. మొదటి డోసు తర్వాత దాదాపు 12 రోజుల దాకా రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. ఈ ముక్క సూది వేసే చోట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఒక రాత్రి రెండు గంటలకు, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 88 చూపించింది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అది తప్పు చెబుతుంది. చేతులు రుద్దుకుని, వేలు మార్చి, కదలకుండా నిమిషం ఆగాను. 89. ఆయాసం మాత్రం పెద్దగా లేదు, ఈ జబ్బు చేసే మోసం అదే. ఛాతీ కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకుంటే 91కి ఎక్కింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ అంకె మీదే చూపు. సాయంత్రం 93 ఉన్నప్పుడే బయల్దేరాల్సింది, "పొద్దున చూద్దాంలే" అనుకున్నాను. మీరు అనుకోకండి.

ఆస్పత్రిలో ఆక్సిజన్, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఆ మందు మేలు చేయదు, మొదటి రోజే కొని మింగకండి. రాత్రంతా వచ్చి నన్ను బోర్లా తిప్పిన నర్సమ్మకు, దేవుడికి కలిపే దండం పెట్టుకున్నాను.

కోలుకున్నాక రెండో డోసుకు వెళ్తే బావ తోడొచ్చాడు. సూది పడ్డాక 15 నిమిషాలు కూర్చోబెడతారు, తీవ్రమైన అలర్జీ చాలావరకు ఆలోపే బయటపడుతుంది కాబట్టి. ఆ 15 నిమిషాలూ నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, "లైను ఎక్కడ?" అన్నాడు.