వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది

బావగారి మాట ఇంకా మింగుడుపడటం లేదు. కారు వెనక సీట్లో చిన్నది మొహం పాలిపోయి, నుదుట చెమట పట్టి, నోట్లో ఊరే నీళ్లు మింగుతూ కూర్చుంటే, అద్దంలోంచి చూసి "అదంతా టెన్షన్. తల్చుకోకుండా ఉంటే ఏమీ రాదు" అన్నారు. ఆ వెంటనే కవర్ అందుకోవాల్సి వచ్చింది. కారైతే ఆపారు గానీ, అన్న మాట అన్నట్టే ఉంది.

ప్రయాణంలో ఈ వికారం ఆయనకెందుకు రాదు? స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల మెదడుకు మలుపు ముందే తెలుసు. బండి ఎటు ఒరుగుతుందో లెక్క వేసుకుని సిద్ధంగా ఉంటుంది. వెనక పుస్తకం చదువుకునే పిల్లకు ఆ వెసులుబాటు లేదు. కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది, అక్షరాలు నిలకడగానే ఉన్నాయని కళ్లు చెబుతాయి. ఆ తగువు మెదడులో తేలక కడుపు మీద పడుతుంది. రెండు వైపులా లోపలి చెవి బొత్తిగా పనిచేయనివాళ్లకు ఈ బాధే ఉండదు. మరి వాళ్లకు టెన్షన్లు లేవనా?

నా చిన్నప్పుడు అమ్మ ఏనాడూ ఇలా అనలేదు. బస్సెక్కగానే కిటికీ పక్కన కూర్చోబెట్టేది. డీజిల్ వాసన తగిలితే చాలు, నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండేది. ఒక చెయ్యి నా నుదుటికి ఆనించి, రెండో చేత్తో వీపు నిమిరేది. "అదిగో, దూరంగా ఆ కొండ చూడు. దాని మీదే ఉంచు కళ్లు" అనేది. వాంతయ్యాక తడిగుడ్డతో మూతి తుడిచి, మళ్లీ ఆ కొండే చూపించేది. విసుక్కోవడం ఎరగదు. దూరాన నిలకడగా ఉన్నదాన్ని చూస్తే కళ్లకూ చెవికీ మాట కలుస్తుందని ఆమెకెవరు చెప్పారో!

అయితే ఇందాక చదువుతుంటే ఒక దగ్గర ఆగిపోయాను. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, కదిలే చారలు చూపించి వికారం తెప్పించి మెదడును స్కాన్ చేశారు. వికారం ముదరకముందే అమిగ్డలా చురుకైంది. భయం వేసినప్పుడు పనిచేసే భాగం అది. ఒంటి లోపలి బాధను పసిగట్టే ఇన్సులా ఆ తర్వాత చాలాసేపు చురుగ్గానే ఉంది. అంటే బావగారి మాటలో కొంత నిజముంది. ఒప్పుకోబుద్ధి కావడం లేదు గానీ, ఉంది.

కానీ ఆ భయం వద్దనుకుంటే పోయేది కాదుగా. వికారంలో అదీ ఒక భాగమే. అలాంటప్పుడు పిల్లని గద్దిస్తే ఉన్న భయం ఇంకాస్త పెరగదూ?

తిరుగు దారిలో ముందు సీటు ఇప్పించాను. రోడ్డు చూస్తూ ఇల్లు చేరేదాకా ఒకటే కబుర్లు.

రేపు బావగారికి ఫోన్ చేస్తాను. అమిగ్డలా సంగతీ చెప్తాను, పిల్లని ఏమీ అనొద్దనీ చెప్తాను. రెండోదే ముందు.