సంగమం లేని సంగమేశ్వరుడు

"తుంగభద్ర ఈ పక్కనే ఉంది, సరే. కృష్ణ యాడరా?"

అలంపురంలో కూడలి సంగమేశ్వరాలయం ముందు నిలబడి అమ్మ అడిగింది. జోగులాంబ అమ్మవారి దర్శనం, నవబ్రహ్మల దర్శనం అయిపోయాయి. ఈ గుడి మాత్రం మొదటి నుంచి ఇక్కడిది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లిలో కట్టిన చాళుక్యుల గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని ఒక్కో రాయికీ నంబరు వేసి, విప్పి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. చెక్కడాలు చెక్కుచెదరలేదు. అమ్మ గుడి చుట్టూ తిరిగింది, దండం పెట్టుకుంది, మెట్ల మీద కూర్చుంది. "సామి వచ్చినాడు గానీ సంగమం రాలేదు" అంది.

అమ్మకు డెబ్బై ఆరేళ్లు. నీళ్లు తగ్గి ఏటి కింది గుడి తేలిందని పేపర్లో పడినప్పటి నుంచి ఒకటే పోరు పెట్టింది, సంగమేశ్వరం పోదామని. మొన్న ఏప్రిల్ చివర్లో బయల్దేరాం. ముందు అలంపురం, మర్నాడు సంగమేశ్వరం, అక్కడి నుంచి మా పాత ఊరు. ఆ మూడోది ఏ యాత్రల పుస్తకంలోనూ ఉండదు.

ఆ శ్రీశైలం జలాశయం కోసమే 1981లో మా ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు, లక్షకు పైగా జనం అట్లా లేచిపోయారు. మాకు గట్టు మీద స్థలం చూపించారు. సున్నంతో గీతలు గీసి, తాళ్లు పట్టి ప్లాట్లు కొలిచారు. వీధులన్నీ నిటారుగా, ఇళ్లన్నీ ఒకే వరుసలో. పాత ఊళ్లో వీధి అంటే బండి తిరగడానికి, వాన నీళ్లు పోవడానికి, ఆడవాళ్లు బిందెలతో ఏటికి పోవడానికి తనంతట తాను ఒంగిన దారి. కొత్త ఊరికి ఏరే లేదు, ఇంక వీధి ఎటు ఒంగుతుంది? ఒక్క విషయంలో మాత్రం పాత ఊరిని అట్లాగే దించారు. ఏ వాడను ఎంత దూరంలో పెట్టాలో కొలతలు తప్పలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అంతా కొత్తగా గీసే అవకాశం వచ్చినప్పుడు అదొక్కటైనా చెరిపేసి ఉండాల్సింది.

ఊరి నడిమధ్య జనం కూడటానికని ఖాళీ స్థలం వదిలారు. అక్కడ ఎవరూ కూడలేదు, కంపచెట్లు మొలిచాయి. జనం చేరింది బస్సు తిరుక్కునే చోట. మొదట ఎవరో వేపమొక్క నాటారు. దాని పక్కన టీ కొట్టు వచ్చింది, తర్వాత పిండిమర, ఆ తర్వాత ఎరువుల అంగడి. ఇప్పుడు పంచాయితీలు, పెళ్లిమాటలు అన్నీ ఆ వేపచెట్టు కిందే. 1986లో వచ్చిన 98 జీవో కింద ఇంటికో ఉద్యోగమన్నారు. కాలువల మీద కాపలా ఉండే లష్కర్ ఉద్యోగమైనా దొరుకుతుందని మా నాయన అర్జీలు పట్టుకుని తిరిగాడు. తిరిగిన సంగతి చెప్పుకున్నదీ ఆ చెట్టు కిందే. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఉద్యోగం రాలేదు.

ఆత్మకూరు నుంచి కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. జలాశయం నిండితే 885 అడుగులు. అందులో నలభై అడుగులకు పైగా తగ్గితే గానీ ఈ గుడి పూర్తిగా బయటపడదు. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి, ఈ ఏడూ కలిసే చోటంటారు. లింగం రాయి కాదు, వేపమాను. భీముడు లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేపమొద్దునే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లలోనే ఉండే ఆ కర్రను చేత్తో తాకాను. చల్లగా, గట్టిగా ఉంది. వరద గర్భగుడిలోకి వచ్చేదాకా పూజ ఆగదు, ఆ తర్వాత ఒడ్డు మీది గుడిలో చేస్తారు. దీన్ని ఎవరూ తరలించలేదు. గోడలు కూలాయి గానీ సంగమం మాత్రం పక్కనే ఉంది. అమ్మ ఇక్కడ ఏమీ అడగలేదు.

కిందికి దిగితే ఎండి నెర్రెలిచ్చిన ఒండ్రు. కోస్తా నుంచి వలస వచ్చిన జాలర్లు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల గుడిసెలు వరసలో లేవు. వలలు ఆరేసుకోవడానికి, గాలి తగలడానికి ఎట్లా కావాలో అట్లా ఉన్నాయి. రెండు మూడు నెలల ఊరు. అందులోనూ ఒక చిన్న కొట్టు, దాని ముందు నలుగురు.

సాయంత్రానికి మా ఊరి దిబ్బ దగ్గర ఆటో ఆగింది. నాకు రాళ్లగుట్టలు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ మాత్రం కర్ర పొడుచుకుంటూ నడిచింది. "ఇది గవిని. ఈడ మలుపు." గవిని అంటే ఊరి ముఖద్వారం. ఒకచోట రోలు సగం పూడి ఉంది, దాని గుంతలో నత్తగుల్లలు. ఇంకొంచెం పోయి, చెప్పులు విడిచి, పునాది రాళ్ల మధ్యలోకి అడుగు పెట్టింది.

"వాకిలి తూర్పుకు. ఆ మూలన పొయ్యి. మీ నాయన కొత్తింట్లోనూ పొయ్యి ఆ మూలకే పెట్టినాడు చూడు."

కాలనీలో అందరి వాకిళ్లూ వీధి వైపే. మా ఒక్క ఇంటిది సందులోకి. చిన్నప్పటి నుంచి అదేం పనో నాకు అర్థం కాలేదు. అమ్మ వాకిలి నుంచి పొయ్యి దాకా అడుగులు వేసి చూపించింది. పదకొండు.

ఇంటికొచ్చాక రాత్రి నేనూ వేసి చూశాను. తొమ్మిదికే గోడ తగిలింది. ప్లాటు అంతే ఇచ్చారు.