ఆపడం రాక ఫెయిలయ్యాను: క్రోమోలీ ట్యూబ్ టిగ్ టెస్ట్ ప్రిపరేషన్

క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) ట్యూబులను టిగ్ వెల్డింగ్‌తో, అంటే టంగ్‌స్టన్ మొనతో ఆర్గాన్ గ్యాస్ రక్షణలో అతికించే ఈ టెస్ట్‌లో మొదటిసారి ఫెయిలైనప్పుడు బాధ కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. బీడ్, అంటే కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీత, చూడముచ్చటగా వచ్చింది. పొలుసులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి, రంగు గడ్డిపసుపు నుంచి నీలం దాకా ఉంది, ఎక్కడా బూడిదరంగుకు తిరగలేదు. ఇన్‌స్పెక్టర్ కంటితో చూసి ఏమీ అనలేదు. తర్వాత పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు (డై పెనెట్రెంట్) కొట్టి, తుడిచి, ఆ రంగును పైకి లాగే తెల్లటి డెవలపర్ చల్లాడు. బీడ్ ఆపిన చోట తెల్లటి పొర మీద నక్షత్రంలా మూడు ఎర్రటి గీతలు తేలాయి. క్రేటర్ క్రాక్, అంటే బీడ్ ఆపిన చోటి గుంటలో వచ్చే పగులు. రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. దానితోనే నా టెస్ట్ అయిపోయింది.

మూడు నెలల తర్వాత రెండో ప్రయత్నంలో పాసయ్యాను. ఆ మూడు నెలల్లో ఏది పనికొచ్చిందో, ఏది దండగయిందో చెప్తాను. మీ టెస్ట్ నియమాలు వేరుగా ఉండొచ్చు. నాకు ఇచ్చినవి 1.65 మి.మీ. గోడ మందం ఉన్న 4130 (క్రోమోలీలో ఒక రకం) ట్యూబులు రెండు. ఒకటి నిటారుగా, రెండోది దానికి 45 డిగ్రీల వాలులో ఆనుకుని ఉంటుంది. స్టాండుకు బిగించాక ముక్కను కదపకూడదు, మనమే దాని చుట్టూ తిరగాలి.

మొదటిసారి ప్రాక్టీసంతా చదును రేకుల మీద పొడుగాటి బీడ్లు వేయడమే. చేయి కుదిరింది, నిజమే. కానీ ట్యూబ్ జాయింట్‌లో పొడుగాటి బీడ్ అనేదే ఉండదు. పావు వంతు చుట్టు తిరగ్గానే మణికట్టు అడ్డొస్తుంది, ఆపాలి, నిలబడే చోటు మార్చుకోవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క జాయింట్‌లో నాలుగుసార్లయినా ఆపుతాం. నేను వేలసార్లు సాధన చేసింది మధ్య భాగాన్ని. ఇన్‌స్పెక్టర్ వెతికేది చివరల్ని.

అందుకని రెండోసారి పద్ధతి మార్చాను. 20 మి.మీ. బీడ్ వేయడం, ఆపడం, చల్లారనివ్వడం, మళ్లీ అందుకోవడం. ఒక ట్యూబ్ చుట్టూ ఎనిమిది ఆపులు. విసుగు పుట్టే పని, అందులో దాపరికమేమీ లేదు. ఆపేటప్పుడు చేతికి ఈ క్రమం అలవాటు చేశాను: కరెంటును నియంత్రించే కాలి పెడల్‌ను ఒక్కసారిగా వదలకుండా రెండు మూడు సెకన్లలో మెల్లగా తగ్గించడం, పడల్ (కరిగిన లోహపు మడుగు) చిన్నదవుతున్నప్పుడు ఫిల్లర్ (కరిగించి కలిపే రాడ్డు) ఒక్క చుక్క ఎక్కువ ఇచ్చి గుంట నింపడం, ఆర్క్‌ను (టంగ్‌స్టన్ మొన నుంచి వచ్చే విద్యుత్ మెరుపును) వేసిన బీడ్ మీదికే కొద్దిగా వెనక్కి జరిపి అక్కడ ఆర్పడం. ఆర్క్ ఆరాక కూడా చేతిలోని వెల్డింగ్ టార్చ్ కదపకూడదు. పోస్ట్‌ఫ్లో, అంటే ఆర్క్ ఆరాక కూడా వస్తూ ఉండే ఆర్గాన్, ఆగేదాకా అక్కడే పట్టుకుని ఉండాలి. బీడ్ ఎలా వచ్చిందో చూద్దామనే ఆత్రంతో వెంటనే టార్చ్ ఎత్తేసే జబ్బు నాకు బాగా ఉండేది. పది ఆంపియర్లకు ఒక సెకను లెక్కన పోస్ట్‌ఫ్లో పెట్టుకుంటే సరిపోతుంది, మనకు ఏడెనిమిది సెకన్లు. టంగ్‌స్టన్ మొన వెండిలా మెరుస్తుంటే గ్యాస్ సరిపోయినట్టు. నీలంగానో నల్లగానో మారితే తొందరపడ్డట్టే.

ఇక్కడే వైవాలో నేను తప్పు చెప్పిన ప్రశ్న ఒకటుంది. క్రోమోలీ ఎందుకు పగులుతుంది అని అడిగితే క్రేటర్ క్రాక్‌నూ, గట్టిపడి పగలడాన్నీ కలిపేసి చెప్పాను. ఆ రెండూ వేరు. క్రేటర్ క్రాక్ లోహం గడ్డకట్టే క్షణంలోనే పుడుతుంది. పడల్ అంచుల నుంచి మధ్యకు గడ్డకడుతూ కుంచించుకుపోతుంది, మధ్యలో నింపడానికి లోహం చాలదు, అక్కడ చీలుతుంది. ఏ స్టీల్‌లోనైనా రావచ్చు. రెండోది 4130 స్వభావం వల్ల వచ్చేది. ఇందులో కార్బన్ 0.28 నుంచి 0.33 శాతం, క్రోమియం 0.8 నుంచి 1.1, మాలిబ్డినం 0.15 నుంచి 0.25 శాతం ఉంటాయి. ఈ కలయిక ఉన్న స్టీల్ వేడి మీద నుంచి గబుక్కున చల్లారితే బీడ్ పక్కనున్న భాగం మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారి పెళుసెక్కుతుంది. దానికి హైడ్రోజన్, లాగుడు తోడైతే పూర్తిగా చల్లారాక, ఒక్కోసారి గంటల తర్వాత కూడా పగలొచ్చు.

దీన్ని నేను చదివి నమ్మలేదు, చేసి నమ్మాను. ఒకరోజు తొందరలో వేడి ముక్కను నీళ్లలో ముంచి, వైస్‌లో బిగించి వంచాను. బీడ్‌కు ఏమీ కాలేదు, దాని అంచు పక్కన టిక్కున విరిగింది. అప్పట్నుంచి నీళ్లు లేవు, తడిగుడ్డ లేదు, ఫ్యాన్ గాలి కూడా తగలనివ్వను. ఈ మందానికి మామూలు గది వేడిలో ప్రీహీట్ (ముందుగా వేడిచేయడం) అక్కర్లేదు. నిశ్చలమైన గాలిలో దానంతటది చల్లారితే చాలు.

ఫిల్లర్ గురించి కూడా తప్పకుండా అడుగుతారు. 4130కి 4130 రాడ్డే వాడాలనుకుంటాం. వెల్డ్ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్ చేసే ముక్కకైతే అది సరే. చేయని పల్చటి ట్యూబ్‌కు మామూలుగా ఈఆర్ 70ఎస్-2, బలం ఎక్కువ కావాలంటే ఈఆర్ 80ఎస్-డి2. ఫిల్లర్ మెత్తనిదైనా కరిగిన ట్యూబ్ లోహం అందులో కలుస్తుంది కాబట్టి బలం పెరుగుతుంది, సాగే గుణమూ మిగులుతుంది. నేను వాడింది 1.6 మి.మీ. 70ఎస్-2. సెట్టింగ్‌లో వింతేమీ లేదు: డీసీ, ఎలక్ట్రోడ్ నెగెటివ్, 1.6 మి.మీ. లాంథనేటెడ్ టంగ్‌స్టన్, ఆర్గాన్ నిమిషానికి 8 లీటర్లు, మెషీన్ మీద 80 ఆంపియర్లు పెట్టి పెడల్‌తో 60 దగ్గర నడిపాను.

ఫిటప్ (ట్యూబులు సందు లేకుండా కుదిరేలా చేయడం) దగ్గర మాత్రం బద్ధకించకండి. ఫిష్‌మౌత్ కోత (ట్యూబ్ కొసను చేప నోటిలా వంపుగా కోయడం) కుదిరిందో లేదో లోపల టార్చిలైటు వేసి చూడండి. వెలుతురు గీత కనిపిస్తే మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. ఆ సందు మీద ఆపాల్సి వస్తే పడల్ లోపలికి జారిపోతుంది. స్కేల్‌ను (ట్యూబ్ మీది ఆక్సైడ్ పొరను) బయటే కాదు, లోపల కూడా ఒక అంగుళం మేర ఎమరీతో తీసి, అసిటోన్‌తో తుడవండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను వెల్డింగ్ దరిదాపుల్లోకి రానివ్వొద్దు, ఆర్క్ వేడికీ కిరణాలకూ అది ఫాస్జీన్ విషవాయువుగా మారుతుంది.

టాక్‌లు (ట్యూబులను ముందుగా పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు) కూడా ఆపులేనని నాకు ఆలస్యంగా తెలిసింది. టక్కున కొట్టి వదిలేసిన చిన్న టాక్‌లోనూ క్రేటర్ ఉంటుంది, అదీ పగులుతుంది, దాని మీదుగా బీడ్ వేస్తే పగులు లోపల దాక్కుంటుంది. నాలుగు టాక్‌లు, ఎదురెదురుగా, ప్రతిదాన్నీ నింపి ముగించాలి. మళ్లీ అందుకునేటప్పుడు ఆర్క్‌ను పాత బీడ్ మీద అయిదారు మిల్లీమీటర్లు వెనక కొట్టి, దాన్ని కరిగించాకే ముందుకు కదలాలి.

ఎక్కడ ఆపాలో ఆర్క్ కొట్టకముందే నిర్ణయించుకోండి. సందు ఇరుకైన వైపు మూలలోనూ, దానికి ఎదురుగా ఉన్న వెడల్పు మూలలోనూ ఆపకూడదు, బరువు పడేది అక్కడే. నేను పక్కల మీద మార్కర్‌తో చుక్కలు పెట్టుకున్నాను. ఇరుకు మూలలోకి టార్చ్ కొనలోని కప్ దూరదు కాబట్టి గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ను సమంగా వదిలే జాలీ) వేసి టంగ్‌స్టన్‌ను ఒక సెంటీమీటరు బయటికి లాగాను. కింది భాగం వేసేటప్పుడు పెడల్ పాదానికి అందదు. మోకాలితో నొక్కడం ప్రాక్టీస్ చేశాను. చూసేవాళ్లు నవ్వారు, నవ్వనివ్వండి.

రెండు వారాలు నన్ను ఏడిపించిన ఇంకో సంగతి. చుట్టు పూర్తయ్యే చివరి చోట పడల్ ఊదినట్టు బయటికి చిమ్మేది. చేయి వణుకుతోందని నన్ను నేనే తిట్టుకున్నాను. తీరా చూస్తే నా ప్రాక్టీస్ ట్యూబుల కొసలు రెండువైపులా మూసేసి ఉన్నాయి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, మిగిలిన ఒకే ఒక్క దారిలోంచి తన్నుకొస్తోంది. చిన్న బెజ్జం పెట్టగానే వణుకు తగ్గిపోయింది!

కళ్లద్దాల వయసు వచ్చినవాళ్లకు ఒక మాట. హెల్మెట్‌లో పెట్టుకునే చీటర్ లెన్స్ (దగ్గరవి పెద్దగా చూపే అద్దం) కొనుక్కోండి. ముప్ఫై గంటల ప్రాక్టీస్ ఇవ్వనిది నాకు ఆ లెన్స్ ఇచ్చింది.

టెస్ట్ రోజు మూడో ఆపు దగ్గర టంగ్‌స్టన్ పడల్‌కు తగిలింది. మొదటిసారైతే టెన్షన్‌తో అలాగే లాగించేసేవాణ్ణి. ఈసారి ఆపి, అడిగి, మచ్చపడ్డ చోటు గ్రైండ్ చేసి, ముందే చెక్కి పెట్టుకున్న కొత్త టంగ్‌స్టన్ బిగించాను. కనీసం ఆరు చెక్కి తీసుకెళ్లండి, పొడవు దిశలో చెక్కినవి.

డెవలపర్ చల్లాక పది నిమిషాలు ఆగమన్నారు. నేను ఆ నాలుగు చుక్కల వైపే చూస్తూ నిలబడ్డాను. తెలుపు తెల్లగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ వెడల్పు మూల దగ్గర చిన్న అండర్‌కట్ (బీడ్ అంచున పడే గాడి) ఉందని, పరిమితిలోనే ఉందని రాసుకుని, ముక్కను కోతకు పంపి తర్వాతి నంబరు పిలిచాడు.