బ్రూనో ముడతలు, గోళ్లు, తోక: సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా

సంక్రాంతికి ముందు హనుమకొండలో మా ఇంటికి వచ్చిన బ్రూనో ఐదేళ్ల ఇంగ్లిష్ బుల్‌డాగ్. ఇంతకుముందు పెంచినవాళ్లు ఊరు మారుతూ మాకు అప్పగించారు. వచ్చినప్పుడు 26 కిలోలున్నాడు. మనుషులంటే ప్రాణం, పక్కన కూర్చుంటే ఒళ్లో తల పెట్టేస్తాడు. కానీ ముఖం మీదికి చెయ్యి పోతే గుర్రుమనేవాడు, పాదం పట్టుకుంటే లాక్కునేవాడు, తోక దగ్గరికి వెళ్తే టక్కున కూర్చునేవాడు. ఈ జాతికి మనం క్రమం తప్పకుండా చూసుకోవాల్సిన చోట్లు ఈ మూడే.

ముక్కు మీది పెద్ద ముడత విప్పి చూస్తే లోపల ఎర్రగా, తడిగా, గోధుమరంగు జిడ్డుతో ఉంది. పులిసిన వాసన. డాక్టర్ అక్కడ టేపు అంటించి తీసి మైక్రోస్కోప్ కింద చూసి ఈస్ట్ ఇన్ఫెక్షన్ అన్నారు. కన్నీళ్లు, చొంగ, తాగిన నీళ్లు అన్నీ ఆ ముడతలోకి చేరతాయి, గాలి తగలదు, చర్మం చర్మాన్ని రాసుకుంటూ ఉంటుంది. మందు కొన్నాళ్లే. తుడిచి ఆరబెట్టే పని మాత్రం వాడు బతికున్నన్నాళ్లూ చెయ్యాల్సిందే.

ఈ వాసన పక్కింటి పెద్దమ్మ దాకా పోయింది. "పసుపు, కొబ్బరినూనె కలిపి రాయి బిడ్డా, రెండు దినాలల్ల తగ్గుతది" అంది. ఆమెకు వాడంటే ఇష్టం, ఆ మాట అన్నదీ ప్రేమతోనే. కానీ ముడతలో నూనె పెడితే తేమ, మురికి ఇంకా అక్కడే పట్టుకుంటాయి. పౌడర్ కూడా అంతే, తడికి ముద్దకట్టి ఒరుసుకుంటుంది. మనం వాడే సబ్బూ షాంపూ కుక్క చర్మానికి పడవు.

ఇప్పుడు చేస్తున్నది ఇది. చూపుడువేలికి మెత్తటి గాజుగుడ్డ చుట్టి, డాక్టర్ రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంలో తడిపి, బాగా పిండి, ముడత లోపల ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్కసారి తుడుస్తాను. ఆ మందు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, అందుకే గుడ్డలోంచి చుక్క కూడా కారకూడదు. కంటి పక్కన ఉన్న చిన్న ముడతలకు కాచి చల్లార్చిన నీళ్లే. ఆ తర్వాత పొడి గుడ్డతో అద్దడం. నా అనుభవంలో తుడవడం కన్నా ఈ అద్దడమే ముఖ్యం. తడి మిగిలితే సాయంత్రానికల్లా మళ్లీ వాసన మొదలవుతుంది.

ఇదంతా చేయనివ్వాలి కదా. ఇద్దరు పట్టుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుందని చాలామంది సలహా ఇచ్చారు. వేరే కుక్కల సంగతి ఎలా ఉన్నా, బుల్‌డాగ్‌ని అదిమి పట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ముక్కురంధ్రాలు సన్నం, అంగిలి వెనక కండ ఎక్కువ, గాలి వెళ్లే దారి ముందే ఇరుకు. పెనుగులాటలో ఒళ్లు వేడెక్కితే, ఆ వేడిని వగర్చి బయటికి పంపడం వాడి వల్ల కాదు. అందుకే వెల్లకిలా పడుకోబెట్టడం, మెడపట్టీ పట్టుకుని లాగడం మా ఇంట్లో బంద్. బయటికి తీసుకెళ్లేందుకు కూడా ఛాతీకి వేసే హార్నెస్సే.

ముందుగా నేర్పింది గడ్డం ఆనించడం. మోకాలి మీద మడతపెట్టిన టవల్ వేసి, వాడు గడ్డం దాని మీద పెడితే గోరంత ఉడికించిన చికెన్ లివర్ ముక్క. గడ్డం ఉంటేనే నా చెయ్యి కదులుతుంది, ఎత్తేస్తే ఆగిపోతుంది. మొదట్లో చెంప ముట్టుకోవడం, తర్వాత ముడత పక్కన వేలు పెట్టడం, తర్వాత పొడిగుడ్డ, చివరికి తడిగుడ్డ. శివరాత్రి నాటికి ముక్కు ముడత పూర్తిగా తుడవనిచ్చాడు! పెట్టిన లివర్‌కి లెక్కగా రాత్రి తిండి తగ్గిస్తున్నాం, బరువు పెరిగితే ఆయాసం పెరుగుతుంది కాబట్టి.

ఒక విషయం ప్రత్యేకంగా రాయాలి. ముఖమంతా ముడతలే కాబట్టి బుల్‌డాగ్ బెదిరిందో లేదో చూసి చెప్పడం కష్టం. నేను చెవితో పట్టుకుంటాను. ఎప్పుడూ గురగురమనే ఊపిరి చప్పుడు ఒక్కసారిగా ఆగి, ఒళ్లు బిగిసి, కంటి మూల తెల్లగుడ్డు కనిపిస్తే ఇక చెయ్యి తీసేయాలి. గుర్రుమనడం దాని తర్వాతి మెట్టు. గుర్రుమంటే తిట్టకూడదు, తిడితే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

గోళ్లు నల్లవి, లోపలి నరం ఎక్కడిదాకా ఉందో కనిపించదు. కట్టర్ చూస్తేనే పారిపోతున్నాడని కార్పెంటర్ దగ్గర ప్లైవుడ్ ముక్క తెచ్చి 80 నంబర్ సాండ్‌పేపర్ అంటించాను. ఏటవాలుగా పట్టుకుంటే ముందుకాళ్లతో వాడే గీరుకుంటాడు, గీరినందుకు లివర్. ముందుగోళ్లు నెమ్మదిగా అరిగి, ఇప్పుడు బండల మీద నడిస్తే టకటక వినిపించడం లేదు. నేలకు తగలని పక్కగోరు మాత్రం ఆకురాయితో నేనే అరగదీస్తున్నాను. ఆ సమయంలో వాడి ముందు పెరుగు రాసిన స్టీలు పళ్లెం పెడతాం. ముఖం తుడిచేటప్పుడు ఇది పనికిరాదు, నాకుతుంటే ముడతలన్నీ కదిలిపోతాయి.

తోక స్క్రూలా మెలి తిరిగి ఒంటికి అతుక్కుని ఉంటుంది. దాని కింద చిన్న గుంట. పైనుంచి చూస్తే కనిపించదు, వేలు పెడితేనే తెలుస్తుంది. మురికి అక్కడే పేరుకుంటుంది. ఇక్కడ మాత్రం ఇంకా ఇద్దరం కావాలి: ఒకరు ముందు గడ్డం ఆనించుకుంటే, ఇంకొకరు వెనక తుడవాలి. వారంలో కొన్ని రోజులు ఒప్పుకుంటాడు, కొన్ని రోజులు కూర్చుండిపోతాడు. కూర్చుంటే ఆ పూటకి వదిలేస్తున్నాం.

ఎండలు ముదిరాక టైం మార్చాం. వరంగల్‌లో మే నెలంటే 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి పనంతా తెల్లవారుజామునే, ఫ్యాన్ కింద. స్నానానికి గోరువెచ్చని నీళ్లు, మగ్గుతో. పైపు చప్పుడుకు బెదురుతాడు. షాబాద్ బండలు తడిస్తే కాళ్లు జారుతున్నాయని గోనెసంచి పరిచాం, దాంతో స్నానం టెన్షన్ సగం పోయింది. ఊపిరి గీసినట్టు గట్టిగా వినిపించినా, నోట్లో చిక్కటి నురగ వచ్చినా, నాలుక నీలంగా మారినా ఏ పనైనా అక్కడే ఆపి, ఒంటి మీద చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇది ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను.

ప్రస్తుతం ముక్కు ముడత లేత గులాబీ రంగులో పొడిగా ఉంది, బరువు 24 కిలోలకు దిగింది. వెనక కాళ్ల గోళ్లు మిగిలాయి. వాటికి బోర్డు పనిచేయడం లేదు, ఆకురాయి ఒక్కటే దారి. ప్రస్తుతానికి తొడ నిమరనిస్తున్నాడు, మడమ దాకా చెయ్యి పోతే కాలు తీసుకుంటున్నాడు. వానలు పడేలోపు పాదం దాకా రావాలి, ఎందుకంటే బురదలో నడిచి వచ్చాక వేళ్ల మధ్య తడి కూడా రోజూ తుడవాల్సి ఉంటుంది.